కనిపించని ప్రమాదం – తెలిసి ఉండటమే రక్షణ

అణు ప్రమాదం అనగానే మన కళ్ళ ముందు హిరోషిమా, నాగసాకి నగరాల శిథిలాలు మెదలుతాయి. కొందరికి చెర్నోబిల్ గుర్తుకు వస్తుంది. అవన్నీ ఎక్కడో దూరదేశాల్లో జరిగిన సంగతులనీ, ప్రభుత్వాలూ సైన్యాలూ చూసుకోవలసిన విషయాలనీ, సామాన్య గృహస్థులకు వాటితో పని లేదనీ మనం అనుకుంటాం. తుఫాను వస్తే ఏం చేయాలో మన కోస్తా తీరంలోని పిల్లవాడికి కూడా తెలుసు. గ్యాస్ సిలిండర్ లీకైతే ఏం చేయాలో మన ఇల్లాళ్ళకు తెలుసు. కాని రేడియోధార్మిక పదార్థం ఎదురైతే ఏం చేయాలని అడిగితే చదువుకున్నవారు సైతం మౌనం వహిస్తారు.

ఈ మౌనం ప్రమాదకరమైనది. గత నాలుగు దశాబ్దాల్లో రేడియోధార్మిక పదార్థాల వల్ల ప్రాణాలు కోల్పోయిన సామాన్య పౌరుల్లో అనేకులు యుద్ధంలోగాని, అణు విద్యుత్కేంద్రం దగ్గరగాని చనిపోలేదు. పాత ఇనుము కొనే దుకాణంలో, తమ ఇంటి వసారాలో, భోజనం చేసే బల్ల దగ్గర ఆ మృత్యువును తాకారు. అదేమిటో వారికి తెలియదు. తెలిసి ఉంటే వారిలో చాలామంది బ్రతికి ఉండేవారు. అందుకే ఈ విషయాన్ని ఇంటిల్లిపాదీ చదివే ఈ పత్రికలో కొంత వివరంగా చర్చించదలిచాం.

గొయానియా నేర్పిన గుణపాఠం

బ్రెజిల్ దేశంలో గొయానియా అనే నగరం ఉంది. అక్కడ క్యాన్సర్ రోగులకు రేడియేషన్ చికిత్స చేసే ఒక ప్రైవేటు సంస్థ పాత భవనం ఖాళీ చేసి వేరే చోటికి తరలిపోయింది. పోతూ పోతూ ఒక చికిత్సా యంత్రాన్ని ఆ పాడుబడ్డ భవనంలోనే వదిలేసింది. ఆ యంత్రం లోపల, దళసరి లోహపు కవచం మధ్య, 93 గ్రాముల సీజియం క్లోరైడ్ ఉంది.

1987 సెప్టెంబరు 13న ఇద్దరు వ్యక్తులు ఆ భవనంలో ప్రవేశించి, అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయన్న ఆశతో యంత్రం తలభాగాన్ని ఊడదీసుకుని ఇంటికి తీసుకుపోయారు. కొన్ని గంటల్లోనే వారికి వాంతులు మొదలయ్యాయి. వైద్యుని దగ్గరకు వెళితే తిన్నదేదో పడలేదన్నారు. వారు ఆ వస్తువును పాత ఇనుము వ్యాపారికి అమ్మేశారు. ఆ రాత్రి వ్యాపారి తన కొట్టులో చిత్రమైన నీలికాంతిని చూశాడు. లోహపు గొట్టంలోంచి వెలుగు చిమ్ముతున్న ఆ పొడి ఏదో అపురూపమైన వస్తువని అతడు భ్రమించాడు. బియ్యపు గింజలంత ముక్కలను బంధుమిత్రులకు పంచిపెట్టాడు. కొందరు దాన్ని ఒంటికి పూసుకున్నారు. వ్యాపారి సోదరుడు కొంత ఇంటికి తీసుకుపోయి భోజనాల బల్ల మీద ఉంచాడు. 6 ఏళ్ళ అతని కూతురు ఆ పొడితో ఆడుకుని, ఆ చేతులతోనే అన్నం తిన్నది.

ఒకరి తర్వాత ఒకరు జబ్బు పడుతున్నారు. వైద్యులు ఏదో ఉష్ణమండల వ్యాధి అనుకున్నారు. ఇందరికి ఒకేసారి అనారోగ్యం రావడానికి కారణం ఆ వెలిగే పొడే కావచ్చునని మొదట అనుమానించినది వైద్యుడు కాదు, శాస్త్రవేత్త కాదు; ఆ పాత ఇనుము వ్యాపారి భార్య. సెప్టెంబరు 28న ఆమె మిగిలిన వస్తువును ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, బస్సెక్కి, ఆరోగ్యశాఖ కార్యాలయానికి తీసుకుపోయి, ఇదే మా వాళ్ళను చంపుతున్నదని చెప్పింది. మరునాడు ఒక వైద్య భౌతికశాస్త్రజ్ఞుడు కొలిచే పరికరం తెచ్చాడు. అతడు చేరే సమయానికి అగ్నిమాపక దళంవారు ఆ సంచిని నదిలో పారవేయడానికి సిద్ధపడుతున్నారు. అతడు వారిని ఆపాడు. ఆ ఒక్క అవగాహన గల వ్యక్తి సమయానికి చేరకపోతే నది నీటి మీద ఆధారపడినవారి గతి ఏమయ్యేదో ఊహించవచ్చు.

తర్వాత నగరంలోని స్టేడియంలో సుమారు 1,12,000 మందిని పరీక్షించారు. 249 మందికి ఆ పదార్థం అంటుకున్నట్లు తేలింది. నలుగురు మరణించారు. ఆ 6 ఏళ్ళ బాలిక, సంచి మోసుకొచ్చిన ఆమె పెద్దమ్మ ఒకే రోజున, అక్టోబరు 23న కన్నుమూశారు. కొట్టులో పనిచేసే ఇద్దరు యువకులు ఆ తర్వాత పోయారు. వారి వయస్సు 22, 18 ఏళ్ళు. ఇళ్ళు కూల్చివేయవలసి వచ్చింది. పై మట్టిని తవ్వి తీయవలసి వచ్చింది. పిడికెడు పొడి మిగిల్చిన వ్యర్థం వేల ఘనపు మీటర్లు!

ఢిల్లీలోనూ అదే తీరు

ఇది ఎక్కడో బ్రెజిల్‌లో జరిగిందిలే అనుకోవడానికి వీల్లేదు. 2010 ఏప్రిల్‌లో మన దేశ రాజధానిలోని మాయాపురి పాత ఇనుము బజారులో దాదాపు ఇదే పునరావృతమైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని రసాయనశాస్త్ర విభాగంలో పరిశోధనల కోసం కొన్న ఒక గామా కిరణాల యంత్రం 1985 తర్వాత వాడకం లేక మూలన పడి ఉంది. దాన్ని పాత సామానుగా వేలం వేశారు. లోపల కోబాల్ట్-60 ఉందన్న సంగతి కొన్నవారికి తెలియదు. పనివారు సీసం కోసం దాని కవచాన్ని విప్పారు. లోపలి లోహపు ముక్కలు చేతులు మారాయి. ఒక వ్యాపారి చిన్న ముక్కను తన డబ్బు సంచిలోనే పెట్టుకుని తిరిగాడు. కొందరికి చర్మం నల్లబడింది, జుట్టు ఊడింది. ఒక కార్మికుడు ఏప్రిల్ 26న మరణించాడు.

ఇలాంటి సంఘటన 2000 సంవత్సరంలో ఈజిప్టులోని మీత్ హల్ఫా గ్రామంలోనూ జరిగింది. ఒక రైతు దారిలో దొరికిన లోహపు ముక్కను విలువైనదనుకుని ఇంట్లో పెట్టుకున్నాడు. అది పైపుల అతుకులను పరీక్షించేందుకు వాడే ఇరిడియం-192. తండ్రి, చిన్న కుమారుడు కొద్ది రోజుల తేడాతో మరణించారు. కుటుంబంలోని మిగిలినవారు గాయపడ్డారు.

ఈ మూడు సంఘటనల్లోనూ ఒక సామాన్యాంశం ఉంది. బాధితులంతా కష్టజీవులు. వారిలో చాలామంది ఇనుము, సీసం, ఇత్తడి అమ్ముకుని పొట్ట పోసుకునేవారు. హైదరాబాదు మొదలు చిన్న పట్టణాల దాకా తుక్కు వ్యాపారం మీద, పాత సామాన్ల సేకరణ మీద బ్రతికే కుటుంబాలు మన సమాజంలో తక్కువేమీ కాదు. కాబట్టి ఈ అవగాహన అందరికంటే ముందు అందవలసింది వారికే.

అసలు ఈ రేడియేషన్ ఏమిటి?

కొన్ని పదార్థాల పరమాణువులు స్థిరంగా ఉండవు. అవి తమలోని అదనపు శక్తిని కిరణాల రూపంలో, సూక్ష్మకణాల రూపంలో విడుదల చేస్తూ క్రమంగా స్థిరపడతాయి. ఆ కిరణాలే రేడియేషన్. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మన పంచేంద్రియాలు దాన్ని పసిగట్టలేవు. కొలిచే పరికరం మాత్రమే పట్టగలదు.

రేడియేషన్ ఎల్లప్పుడూ హానికరం కాదు. నేలలో, రాళ్ళలో, ఆకాశంలో, మనం తినే ఆహారంలో అది సహజంగానే ఉంది. ప్రపంచంలో సగటు మనిషి ప్రకృతి నుండి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ పొందుతాడు. ఛాతీ ఎక్స్‌రే వల్ల కలిగేది అందులో చాలా స్వల్ప భాగం. కనుక వైద్యుడు రాసిన ఎక్స్‌రేకు భయపడి మానుకోవడం వివేకం కాదు. అమిత మోతాదు కొద్ది సమయంలో శరీరానికి తగలడమే ప్రాణాంతకం.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గుర్తించాలి. కిరణాలు తగలడం వేరు, ధూళి అంటుకోవడం వేరు. ఎక్స్‌రే తీయించుకున్న మనిషి నుండి మరొకరికి ఏ హానీ కలగనట్లే, కిరణాలు మాత్రమే తగిలిన మనిషి ఇతరులకు ప్రమాదకారి కాడు. రేడియోధార్మిక ధూళి ఒంటికి, బట్టలకు అంటుకున్నప్పుడు మాత్రం అది మోసుకుపోయిన చోటల్లా పడుతుంది. దాన్ని కడిగివేయవచ్చు. ఇది అంటువ్యాధి కాదు. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల లోకంలో ఎంత అన్యాయం జరిగిందో ముందు చెప్పుకుందాం.

కిరణాల నుండి రక్షణకు శాస్త్రజ్ఞులు మూడు మాటలు చెబుతారు: కాలం, దూరం, అడ్డు. ప్రమాదకర వస్తువు దగ్గర ఎంత తక్కువ సమయం ఉంటే అంత మేలు. చిన్న వస్తువు నుండి దూరం రెండింతలు చేస్తే తగిలే మోతాదు నాలుగో వంతుకు తగ్గుతుంది. మనకూ దానికీ మధ్య కాంక్రీటు, ఇటుక, మట్టి, సీసం వంటివి ఎంత మందంగా ఉంటే అంత రక్షణ. ఏదీ తోచనప్పుడు ఈ మూడు మాటలు గుర్తుంటే చాలు.

గుర్తు పట్టవలసిన గుర్తులు

రేడియోధార్మిక పదార్థం ఉన్న పెట్టెల మీద, గదుల తలుపుల మీద పసుపు రంగు నేపథ్యంలో మూడు రెక్కల గుర్తు ఉంటుంది. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే గది దగ్గర దీన్ని మనలో చాలామంది చూసే ఉంటారు, కాని అర్థం తెలిసినవారు తక్కువ. విమానపు పంఖా అని పొరబడిన పిల్లలూ ఉన్నారు. అందుకే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ భారత్‌తో సహా 11 దేశాల ప్రజల మధ్య పరీక్షించి, 2007లో మరో గుర్తును ప్రవేశపెట్టింది. ఎర్రని త్రికోణంలో పైన కిరణాలు వెదజల్లే మూడు రెక్కలు, కింద పుర్రె, పక్కన పారిపోతున్న మనిషి బొమ్మ ఉంటాయి. అక్షరం రానివారికి కూడా 'ముట్టుకోకు, దూరంగా పో' అని చెప్పడమే దాని ఉద్దేశం. బలమైన రేడియోధార్మిక పదార్థమున్న యంత్రాల లోపలి భాగంలో, విప్పబోయేవారి కంటపడే చోట దాన్ని అతికిస్తారు.

తుక్కు వ్యాపారంలో ఉన్నవారు ముఖ్యంగా గమనించవలసినవి ఇవి. పరిమాణానికి మించి విపరీతమైన బరువున్న చిన్న పెట్టె లేదా గొట్టం. సీసంతో చేసిన దళసరి కవచం. ఆసుపత్రి, ప్రయోగశాల, చమురు బావి, పైపులైన్ పనుల నుండి వచ్చిన పరికరం. గుర్తు చెరిపేసినట్లున్న పెట్టె. ఇలాంటి వాటిని కోయకూడదు, కరిగించకూడదు, జేబులో వేసుకోకూడదు, నీళ్ళలో పారవేయకూడదు. అందరినీ దూరంగా పంపి, 112కు ఫోన్ చేసి పోలీసులకు చెప్పాలి. ఆ వస్తువును ముట్టుకున్న తర్వాత వాంతులు, చర్మం ఎర్రబడటం, బొబ్బలు, జుట్టు ఊడటం వంటివి కనిపిస్తే వైద్యుని దగ్గర ఆ వస్తువు సంగతి తప్పక ప్రస్తావించాలి. గొయానియాలో ఆ సమాచారం అందకనే వైద్యులు రెండు వారాలు చీకట్లో తడుముకున్నారు.

పెద్ద ప్రమాదం సంభవిస్తే

అణు విద్యుత్కేంద్రంలో ప్రమాదం, రేడియోధార్మిక పదార్థం కలిపిన బాంబు, అణ్వాయుధం – ఇవి అరుదైనవి, కాని అసంభవం కావు. 2025 మే నెలలో దేశవ్యాప్తంగా పౌర రక్షణ విన్యాసాలు జరిగినప్పుడు హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ సైరన్లు మోగాయి. ఆ సైరన్ విని ఏం చేయాలో మన ఇళ్ళల్లో ఎందరికి తెలుసు?

2020 మే 7న విశాఖలో స్టైరీన్ విషవాయువు వెలువడినప్పుడు ప్రజలు ఇళ్ళు వదిలి పరుగులు తీశారు. రేడియోధార్మిక ధూళి విషయంలో మొదటి సూత్రం దానికి భిన్నమైనది. అధికారులు వెళ్ళమని చెప్పేదాకా లోపలికి వెళ్ళాలి, లోపలే ఉండాలి. వీధిలో పరుగెత్తేవాడి మీదే ధూళి పడుతుంది. ఇటుక, కాంక్రీటు గోడల మధ్య ఉన్నవాడికి రక్షణ ఎక్కువ. రేకుల షెడ్డులోనో, వాహనంలోనో ఉన్నవారు దగ్గరలోని పక్కా భవనంలోకి చేరాలి. కిటికీలకూ పైకప్పుకూ దూరంగా, మధ్య గదిలో ఉండటం మంచిది. కిటికీలు, తలుపులు మూసి, కూలర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్, బయటి గాలిని లాగే ఏసీ ఆపివేయాలి.

అణ్వాయుధం పేలినప్పుడు రాలే ధూళి తీవ్రత త్వరగా తగ్గుతుంది. 7 గంటలు గడిచేసరికి సుమారు పదో వంతుకు, రెండు రోజులకు దాదాపు నూరో వంతుకు చేరుతుంది. అంటే తొలి 24 గంటలు ఇంట్లో ఓర్పుగా కూర్చోవడమే ప్రాణాలు కాపాడే పని. పిల్లలు బడిలో ఉంటే వారిని తీసుకురావడానికి వీధిన పడి పరుగెత్తాలని తల్లిదండ్రుల మనస్సు తొందరపెడుతుంది. బడి గోడల మధ్య ఉన్న పిల్లవాడు, ధూళిలో నడిచివచ్చే పిల్లవాడికంటే సురక్షితుడు. అతన్ని ఉపాధ్యాయుల సంరక్షణలోనే ఉండనివ్వాలి.

బయటి నుండి వచ్చినవారు గుమ్మం దగ్గరే పైబట్టలు, చెప్పులు విడవాలి. పైబట్టలు తీసివేయడంతోనే అంటుకున్న ధూళిలో దాదాపు 90 శాతం దాకా పోతుంది. తలమీదుగా లాగకుండా నెమ్మదిగా విప్పి, వాటిని సంచిలో కట్టి, మనుషులు తిరగని మూల ఉంచాలి. ఆ తర్వాత సబ్బుతో, గోరువెచ్చని నీటితో తల నుండి పాదాల దాకా స్నానం చేయాలి. చర్మాన్ని గట్టిగా రుద్దకూడదు, ఎందుకంటే గీరుకుపోయిన చోట ధూళి లోపలికి పోతుంది. ముక్కు, చెవులు, కనురెప్పలు మృదువుగా కడుక్కోవాలి. ఇల్లంతా స్నానం చేసేంత నీరు లేకపోతే ముఖం, చేతులు, మెడ తడిగుడ్డతో తుడుచుకున్నా మేలే.

మూతవేసిన డబ్బాల్లోని, ఫ్రిజ్‌లోని, బీరువాలోని ఆహారం తినవచ్చు. ఆరుబయట ఉన్న కూరగాయలు, మూతలేని బావి నీరు, బయట మేసిన పశువుల పాలు అధికారులు చెప్పేదాకా ముట్టకూడదు. చెర్నోబిల్‌లో ఈ పాల సంగతి ఎంతటి విషాదమైందో లోకానికి తెలుసు. 1986 ఏప్రిల్ 26న పేలుడు జరిగితే, పక్కనే ఉన్న ప్రిప్యత్ పట్టణాన్ని ఖాళీ చేయించేసరికి ఒకటిన్నర రోజు గడిచింది. చుట్టుపక్కల గ్రామాల పిల్లలకు గడ్డి మీద పడ్డ రేడియోధార్మిక అయోడిన్ పాల ద్వారా చేరింది. తర్వాతి ఏళ్ళలో వేలాది మందికి థైరాయిడ్ క్యాన్సర్ సోకింది. రేడియోధార్మిక అయోడిన్ తీవ్రత ప్రతి 8 రోజులకు సగం తగ్గిపోతుంది. కొన్ని వారాలు పాలు మాన్పించి ఉంటే ఆ పిల్లల్లో ఎందరో రక్షింపబడేవారు. చెప్పేవారు సకాలంలో చెప్పలేదు.

అయోడిన్ మాత్ర – సర్వరోగ నివారిణి కాదు

పొటాషియం అయోడైడ్ మాత్ర గురించి చాలా అపోహలున్నాయి. మన కంఠంలోని థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను పీల్చుకుంటుంది. ముందే మంచి అయోడిన్‌తో దాన్ని నింపితే రేడియోధార్మిక అయోడిన్‌కు చోటుండదు. మాత్ర చేసే పని అంతే. సీజియం, కోబాల్ట్ వంటి వాటి మీద అది పనిచేయదు. శరీరంలోని మిగతా అవయవాలను కాపాడదు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు దాని అవసరం ఎక్కువ. నడివయస్సు దాటినవారికి తక్కువ. ప్రభుత్వం చెప్పినప్పుడు, చెప్పిన మోతాదులోనే వేసుకోవాలి. చెర్నోబిల్ తర్వాత పోలండ్ ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే కోటికి పైగా పిల్లలకు అయోడిన్ ఇప్పించింది. అది సంసిద్ధతకు చక్కని నిదర్శనం.

దీనికి విరుద్ధమైన దృశ్యం 2011 మార్చిలో కనిపించింది. జపాన్‌లోని ఫుకుషిమా ప్రమాదం వార్త విని చైనాలో జనం ఉప్పు కోసం దుకాణాల మీద విరుచుకుపడ్డారు. అయోడిన్ ఉప్పు తింటే రక్షణ కలుగుతుందని ఎవరో అన్నారు. ఆ ఉప్పులో ఉండే అయోడిన్ ఈ పనికి ఏ మాత్రం చాలదు. ఫిలిప్పీన్స్‌లో బీబీసీ పేరిట ఒక అబద్ధపు సందేశం ఫోన్లలో తిరిగింది. గొంతుకు బెటడిన్ పూసుకోండి అని అందులో ఉంది. బీబీసీ దాన్ని ఖండించింది. పూతమందులోని అయోడిన్ కంఠానికి పూసినా ప్రయోజనం లేదు. తాగితే ప్రాణానికే ముప్పు.

భయం కూడా చంపుతుంది

ఫుకుషిమా మనకు మరో చేదు సత్యం చెప్పింది. హడావుడిగా, సరైన ఏర్పాట్లు లేకుండా జనాన్ని తరలించినప్పుడు ఆసుపత్రుల్లోని, వృద్ధాశ్రమాల్లోని బలహీనులు దారిలోనే ప్రాణాలు విడిచారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో శిబిరాల జీవితం, వైద్యం అందకపోవడం, మనోవేదన వల్ల ఆ రాష్ట్రంలో 2,000 మందికి పైగా మరణించినట్లు అధికారికంగా లెక్క తేలింది. మంచాన పడ్డ ముసలివారిని ఎక్కడికి, ఎవరు, ఎలా తీసుకుపోవాలన్నది ముందే ఆలోచించుకోవలసిన విషయమని దీన్ని బట్టి తెలుస్తున్నది.

గొయానియాలో భయం మరో రూపం దాల్చింది. ఆ పసిపాప శవపేటికను సీసంతో కప్పి శ్మశానానికి తెస్తే, జనం గుమిగూడి ఇక్కడ పూడ్చవద్దని రాళ్ళు రువ్వారు. ఆ నగరం నుండి వచ్చినవారిని ఇతర చోట్ల హోటళ్ళలో దిగనివ్వలేదు. తమకు ఏ ధూళీ అంటలేదని రుజువు చూపుకోవడానికి సుమారు 8,000 మంది ధ్రువపత్రాలు తీసుకోవలసి వచ్చింది. కడిగివేసిన తర్వాత ఏ ప్రమాదమూ లేని మనుషులను అస్పృశ్యులుగా చూశారు. అంత్యక్రియల గౌరవం కూడా దక్కని ఆ బాలిక చేసిన నేరమేమిటి? అజ్ఞానం మనిషిలోని కరుణను ఎలా హరిస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అవసరం లేదు.

ఏ వార్త వచ్చినా నిర్ధారించుకున్న తర్వాతే నమ్మాలన్నది మనం చిన్ననాటి నుండి వింటున్న బోధ. ఆపత్కాలంలో అది ప్రాణరక్షణ సూత్రమవుతుంది. కుటుంబ వాట్సాప్ బృందంలోకి వచ్చిన ప్రతి సందేశాన్నీ మంచి పని చేస్తున్నామనుకుని ముందుకు పంపించే అలవాటు మానుకోవాలి. ఆకాశవాణి, దూరదర్శన్, జిల్లా యంత్రాంగం చెప్పిన మాటనే ఆధారంగా తీసుకోవాలి.

మన ఇంట్లో, మన మొహల్లాలో

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే అణు, రేడియోధార్మిక ప్రమాదాలపై మార్గదర్శకాలు ప్రకటించింది. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళంలో ఇందుకోసం శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు. ఆ ఏర్పాట్లు సామాన్యుని గడపదాకా చేరాలంటే సమాజం చేయి కలపాలి.

ఇంట్లో చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. రెండు మూడు రోజులకు సరిపడే తాగునీరు, వండకుండా తినగలిగే ఆహారం, బ్యాటరీతో పనిచేసే రేడియో, టార్చి, రోజూ వాడే మందులు, పసిపిల్లలకు కావలసినవి, ముఖ్యమైన పత్రాలు ఒకచోట సిద్ధంగా ఉంచాలి. తుఫానుకైనా, వరదకైనా, కర్ఫ్యూకైనా ఇవే పనికివస్తాయి. ఇంట్లో ఏ గది అన్నిటికంటే లోపల ఉందో, ఆపద వేళ అందరూ ఎక్కడ చేరాలో ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి.

మొహల్లా స్థాయిలో మనకు గొప్ప సదుపాయం ఉంది. ప్రతి వీధికీ వినిపించే మస్జిద్ మైకు ఉంది. జిల్లా అధికారులతో ముందే మాట్లాడుకుంటే, ప్రమాద సమయంలో 'ఇళ్ళల్లోకి వెళ్ళండి, కిటికీలు మూయండి' అన్న ప్రకటన రెండు నిమిషాల్లో వేలమందికి చేరుతుంది. ఫోన్లు పనిచేయకపోయినా ఆ గొంతు పనిచేస్తుంది. జుమా రోజున నమాజు తర్వాత అయిదు నిమిషాలు ఈ విషయం చెప్పించవచ్చు. తుక్కు దుకాణాలున్న వీధుల్లో ఆ ఎర్ర త్రికోణపు బొమ్మను ముద్రించి గోడలకు అతికించవచ్చు. మదర్సాల్లో, బడుల్లో పిల్లలకు ఆ గుర్తును చూపించవచ్చు. స్త్రీల సమావేశాల్లో బట్టలు విడవడం, స్నానం, ఆహార జాగ్రత్తలు వివరించవచ్చు. ఇంట్లో అందరికంటే ముందు స్పందించవలసింది తల్లులే గనుక వారికి ఈ జ్ఞానం అందడం అత్యవసరం.

గొయానియాలో చదువు అంతగా లేని ఒక గృహిణి తన చుట్టూ జరుగుతున్నది గమనించింది, ప్రశ్నించింది, ప్రాణాలకు తెగించి ఆ వస్తువును అధికారుల ముందుంచింది. ఆమె రెండు వారాల ముందే ఆ మూడు రెక్కల గుర్తును ఎక్కడైనా చూసి ఉంటే, అదేమిటో ఎవరైనా ఆమెకు చెప్పి ఉంటే, ఆ ఇంటి పసిపాప పెరిగి పెద్దదయ్యేది. ఈ నెల ఈ వ్యాసం చదివిన ప్రతి ఇంటివారూ మరో ఇద్దరికి, ముఖ్యంగా పాత సామాను వ్యాపారంలో ఉన్న తమ బంధువులకు, ఈ గుర్తు సంగతి చెప్పాలని మేము కోరుతున్నాం.